ఉగాది స్కిట్, జానీ లీవర్ కథ: ఎవరెవరు ఏం చూసుకుంటున్నారు?

కల్చరల్ కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. ఆదివారం మీటింగ్‌లో అనుకున్నదే ఖాయం చేస్తున్నాను. ఈసారి పిల్లల స్కిట్ జానీ లీవర్ మీద. 20 నిమిషాలు, 14 మంది పిల్లలు. రాత్రి 10 కల్లా హాలుకి తాళం వేసేస్తారు కాబట్టి 21వ నిమిషం అడగొద్దు.

"హిందీ కమెడియన్ మనకెందుకండీ?" అని ఇద్దరు ఫోన్ చేశారు. ఆయన మనవాడే. అసలు పేరు జనుమల జాన్ ప్రకాశరావు, పుట్టింది 1957లో, కుటుంబానిది కనిగిరి. పొట్ట చేత పట్టుకుని బొంబాయి వెళ్లిన తెలుగువాళ్లు. పెరిగింది అక్కడి ధారావి మురికివాడలో. ఇంట్లో డబ్బుల్లేక ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. ఊరు వదిలి వచ్చిన వాళ్ల పిల్లలు ఆడే స్కిట్‌కి ఇంతకంటే దగ్గరి కథ నాకైతే దొరకలేదు.

మూడు సీన్లు. ఒకటి, రోడ్డు మీద పెన్నులు అమ్మడం. రెండు, ఫ్యాక్టరీ. మూడు, సినిమాలూ టీవీ. స్టేజ్ టీమ్ ఏమంటారు?

స్టేజ్ టీమ్:
అక్కా, ఓపెనింగ్ మాకు వదిలేయండి. లైట్లన్నీ ఆపేసి, ఒక్క వయొలిన్. రేకుల ఇల్లు సెట్. తల్లి ఒక మూల కూర్చుని ఏడుస్తూ ఉంటుంది, పిల్లాడు ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడతాడు. హాల్లో ఒక్కరి కళ్లూ పొడిగా ఉండవు.

కల్చరల్ కోఆర్డినేటర్:
అన్నా, మీ సెట్ల మీద నాకు నమ్మకం ఉంది కానీ ఆ గిన్నె మాత్రం వద్దు. మొదటి రెండు నిమిషాల్లో జనం జాలిపడితే ఆ తర్వాత నవ్వించడానికి పిల్లల ప్రాణం పోతుంది. ఇంకోటి, ఆ కుర్రాడు రోడ్డు మీద చెయ్యి చాచలేదు. సినిమా స్టార్ల గొంతులు అనుకరిస్తూ, వాళ్ల పాటలకి డాన్సులు చేస్తూ పెన్నులు అమ్మాడు. నిలబడి చూసినవాడు నవ్వి, పెన్ను కొనుక్కుని వెళ్తాడు. కష్టం చూపించాలంటే అదే చాలు. స్కూల్లో ఉండాల్సిన వయసులో వాడి చేతిలో రాసుకునే పెన్ను కాదు, అమ్ముకునే పెన్ను ఉంది. ఆ ముక్క డైలాగులో కూడా పెట్టొద్దు, చూసేవాళ్లకే తడుతుంది.

వేళ్ల సందుల్లో నాలుగేసి పెన్నులు, జేబులో ఇంకో గుత్తి. సెట్ అక్కర్లేదు, ఒక ఫుట్‌పాత్ చాలు.

ఒక అమ్మ (మెయిన్ రోల్ బాబు వాళ్ల):
అంతా బాగుందండీ, కానీ మావాడికి ఆ కాలం హిందీ హీరోలు ఒక్కరూ తెలియదు. యూట్యూబ్‌లో చూపిస్తే "అమ్మా, ఈ అంకుల్ ఎవరు?" అంటున్నాడు. మిమిక్రీ ఎలా చేస్తాడో అని నాకు టెన్షన్‌గా ఉంది.

కల్చరల్ కోఆర్డినేటర్:
నాకూ రెండు రోజులు అదే టెన్షన్. రెండో సీన్ రాస్తుంటే దారి దొరికింది.

జానీ తండ్రి సబ్బుల కంపెనీ హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో ఆపరేటర్. కొడుకు కూడా అక్కడే పనికి చేరాడు. ఒకసారి కంపెనీ ఫంక్షన్‌లో పై ఆఫీసర్లను ఒక్కొక్కరినీ అనుకరించి చూపించాడు. అప్పటి నుంచి తోటి కార్మికులు జానీ లీవర్ అని పిలవడం మొదలుపెట్టారు. జనుమల పోయి లీవర్ మిగిలింది. ఫ్యాక్టరీలో ఎవరు ఎలా నడుస్తారో, ఎలా కసురుతారో కార్మికులు రోజూ చూస్తూనే ఉంటారు. అందుకే అంత నవ్వారు.

మన హాల్లో మన ఆఫీసర్లు ఉన్నారు కదా! ఫ్యాక్టరీ సీన్‌లో బాబు మన కమిటీ వాళ్లనే చేస్తాడు. మైకు ముందు మూడుసార్లు దగ్గే ప్రెసిడెంట్ గారు, కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని "రసీదు ఉందా?" అనే ట్రెజరర్ గారు. అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి.

ట్రెజరర్:
నాకు అభ్యంతరం ఉంది. నేను అలా అనను.

స్టేజ్ టీమ్:
😂 పోయిన దీపావళికి రెండు టేపు చుట్టలకి రసీదు అడిగారు సార్.

ట్రెజరర్:
సరే, కానివ్వండి. వెక్కిరించినట్టు ఉండకూడదు, అంతే.

కల్చరల్ కోఆర్డినేటర్:
ఉండదండీ, మీ ముందే రిహార్సల్ చేయిస్తాను.

మూడో సీన్ కుదించాలి, ఎందుకంటే అక్కడ చెప్పుకోవాల్సింది చాలా ఉంది, చూపించడానికి తక్కువ. సంగీత దర్శకులు కల్యాణ్‌జీ ఆనంద్‌జీ స్టేజ్ షోలు, ఉద్యోగం మానేయడం, కామెడీ క్యాసెట్, సినిమాలు, రెండు ఫిల్మ్‌ఫేర్ అవార్డులు, చివరికి జీ టీవీలో తన పేరుతోనే షో. ఇవన్నీ ఒక పాప గబగబా చదివేస్తుంది. వెనకాల అట్టతో చేసిన టీవీ. ఫ్రిజ్ డబ్బా ఎవరింట్లో ఉంది? ముందు సీన్లో పెన్నులు కొన్న పిల్లలే ఇప్పుడు టీవీ ముందు కూర్చుంటారు. బాబు టీవీ లోపలి నుంచి చెయ్యి బయటికి చాపి వాళ్లకో పెన్ను అమ్మబోతాడు. లైట్లు ఆఫ్.

సినిమా పాటలు, క్లిప్పులు వద్దు. కిందటిసారి పాట పెట్టినందుకు కాపీరైట్ అంటూ మన వీడియోలో సౌండ్ మొత్తం తీసేశారు, తాతయ్యలు మూగ సినిమా చూశారు.

స్టేజ్ టీమ్:
డబ్బా మా గరాజ్‌లో ఉంది. వయొలిన్ పూర్తిగా లేనట్టేనా?

కల్చరల్ కోఆర్డినేటర్:
లేనట్టే అన్నా. డోలక్ తెండి. రిహార్సల్ శనివారం మధ్యాహ్నం 3కి, మా బేస్‌మెంట్‌లో.

ట్రెజరర్:
పెన్నులు ఎన్ని కావాలి? ఎవరు కొన్నా రసీదు తీసుకోండి.

ఒక అమ్మ:
సార్, మీ మెసేజ్ మావాడు మీ గొంతుతోనే చదివాడు. పక్క గదిలోంచి మా ఆయన "ట్రెజరర్ గారు ఎప్పుడొచ్చారు?" అంటూ చొక్కా వేసుకుని వచ్చేశారు.