మోకాలి పక్కన రెండు ‘సముద్రాలు’: యిన్, యాంగ్ మెరిడియన్ల దిశ గురించి ఒక సందేహం

ప్రశ్న – అమలాపురం నుంచి

అందరికీ నమస్కారం. మా అమ్మగారి మోకాళ్ళ నొప్పి కొంతైనా తగ్గించాలన్న తాపత్రయంతో ఆరు నెలలుగా ఆక్యుప్రెషర్ నేర్చుకుంటున్నాను. మోకాలికి కిందుగా, లోపలి పక్క ఎముక వంపు తిరిగే చోట వేలికి తగిలే గుంటలో యిన్‌లింగ్‌చ్వాన్ అనే పాయింటు, బయటి పక్క సన్న ఎముక తలకు కాస్త ముందూ కిందుగా ఉన్న గుంటలో యాంగ్‌లింగ్‌చ్వాన్ అనే పాయింటు ఉంటాయి. చైనా వైద్యం ప్రకారం శరీరంలో శక్తి ప్రవహించే దారులే మెరిడియన్లు. మొదటిది ప్లీహపు మెరిడియన్‌ది కనుక యిన్, రెండవది పిత్తాశయపు మెరిడియన్‌ది కనుక యాంగ్. రోజూ సాయంత్రం అమ్మ కాలు ఒళ్ళో పెట్టుకొని ఈ రెండింటినీ నొక్కుతాను.

నా సందేహం దిశ గురించి. చేతి యిన్ మెరిడియన్లు మూడూ రొమ్ము నుంచి వేళ్ళ కొసలకు, చేతి యాంగ్ మెరిడియన్లు మూడూ వేళ్ళ నుంచి ముఖానికి, కాలి యాంగ్ మూడూ ముఖం నుంచి పాదాలకు, కాలి యిన్ మూడూ పాదాల నుంచి మళ్ళీ రొమ్ముకు సాగుతాయని చెప్పారు. అయితే ప్రతి మెరిడియన్‌కూ వేలి కొస నుంచి మోచేతి వరకు, లేదా మోకాలి వరకు, బావి, ఊట, వాగు, నది, సముద్రం అనే ఐదు పాయింట్లు ఉన్నాయని కూడా చెప్పారు. బావి ఎప్పుడూ గోటి దగ్గరే, సముద్రం ఎప్పుడూ మోకాలి దగ్గరో మోచేతి దగ్గరో ఉంటుంది. ప్లీహపు మెరిడియన్ పైకి పోతుంది కనుక లెక్క సరిపోయింది. పిత్తాశయపు మెరిడియన్ తల నుంచి కిందికి దిగుతూ ముందు సముద్రాన్ని, ఆ తరువాత బావిని చేరడం ఎలా కుదురుతుంది? తరగతిలో అడిగితే ‘అలాగే గుర్తుపెట్టుకోండి’ అన్నారు. నాకు అది జవాబుగా అనిపించలేదు.

జవాబు – రాజోలు నుంచి

అమ్మా, మీరు పట్టుకున్న ముడి చాలా పాతది, నిజమైనది. నేను వ్యవసాయదారుణ్ణి, ఈ వైద్యపు పాత గ్రంథాల అనువాదాలను పదిహేనేళ్ళుగా చదువుతున్నాను. నాకు అర్థమైనంత వరకు, ఇక్కడ రెండు కాలాల ఆలోచనలు ఒకే శరీరం మీద గీయబడి ఉన్నాయి.

1973లో చైనాలోని చాంగ్‌షా నగరం దగ్గర మావాంగ్‌డుయి మూడవ సమాధిని తవ్వినప్పుడు పట్టుగుడ్డ మీద రాసిన వైద్య గ్రంథాలు దొరికాయి. ఆ సమాధిని మూసినది క్రీ.పూ. 168లో. ఆ గ్రంథాల్లో పన్నెండు కాదు, పదకొండు మెరిడియన్లే ఉన్నాయి. హృదయావరణానికి చెందిన చేతి యిన్ మెరిడియన్ లేదు. అంతకంటే ముఖ్యంగా, వాటిలో ఒక గ్రంథం ప్రకారం పదకొండూ చేతుల, కాళ్ళ కొసల నుంచి మొండెం వైపుకో తల వైపుకో సాగుతాయి. గుండ్రంగా తిరిగి వచ్చే ప్రవాహం అన్న మాటే అక్కడ లేదు. బావి నుంచి సముద్రం దాకా నడిచే ఐదు పాయింట్ల వరుస ఈ పాత చూపుకు అచ్చంగా సరిపోతుంది. చిన్న నీరు కొసన పుట్టి, లోపలికి వచ్చేకొద్దీ పెద్దదై, కీలు దగ్గర లోతుల్లోకి దిగిపోతుంది.

ఆ తరువాతి ‘హువాంగ్‌డీ నైజింగ్’ గ్రంథంలోని లింగ్‌షు భాగంలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. రెండవ అధ్యాయం బావి మొదలు సముద్రం వరకు పాయింట్లను చెబుతుంది. పదవ అధ్యాయం ఊపిరితిత్తులతో మొదలై కాలేయంతో ముగిసి మళ్ళీ మొదటికి వచ్చే పన్నెండు మెరిడియన్ల చక్రాన్ని చెబుతుంది. కొత్తది వచ్చిందని పాతదాన్ని చెరిపివేయలేదు. అందువల్లనే పన్నెండింటిలో ఆరు, అంటే చేతి యాంగ్, కాలి యిన్, మీ లెక్కకు సరిపోతాయి. మిగిలిన ఆరు ఎదురు నడుస్తాయి.

మన డెల్టాలో ఉన్నవారికి ఇది ఊహించడం కష్టం కాకూడదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయలుదేరిన నీరు పెద్ద కాలువ నుంచి పిల్లకాలువకు, అక్కడి నుంచి బోదెకు, చేనుకు చీలుతూ వస్తుంది. అదే చేను రెండో గట్టున మురుగు బోదె మొదలై, మురుగు కాలువలో కలిసి, పెద్దదవుతూ సముద్రానికి పోతుంది. చీలే నీరు, కూడే నీరు రెండూ ఒకే పొలానికి చెందినవే. మెరిడియన్ల చక్రం మొదటిదానిలా, ఐదు పాయింట్ల వరుస రెండవదానిలా ఆలోచించి కట్టినవి. అయితే శరీరంలో రెండు గొట్టాలు ఉన్నాయని మాత్రం అనుకోకండి. ఇది పోలిక మాత్రమే.

యిన్, యాంగ్ అన్న మాటలకు మొదటి అర్థం కొండకు నీడ పడే పక్క, ఎండ పడే పక్క. ఊడ్పుల్లో వంగి నాట్లు వేసే మనిషిని చూడండి. ఎండంతా వీపు మీద, చేతుల బయటి పక్కన కాస్తుంది. పొట్ట, చేతుల లోపలి పక్క నీడలో ఉంటాయి. యాంగ్ మెరిడియన్లు చాలావరకు ఎండ పక్కన, యిన్ మెరిడియన్లు నీడ పక్కన నడుస్తాయి. జీర్ణాశయపు మెరిడియన్ ఒక్కటే యాంగ్ అయి ఉండి కూడా రొమ్ము, పొట్ట మీదుగా దిగుతుంది.

జవాబు – బండారులంక నుంచి

పై వారు చక్కగా వివరించారు. మాది నేత ఇల్లు కనుక ఒక్క మాట చేరుస్తాను. మనం మెరిడియన్ అంటున్నదాన్ని చైనీయులు జింగ్ అంటారు. ఆ అక్షరానికి మగ్గం మీది పడుగు అన్న అర్థం ఉంది. దాని జంట మాట లువో, అంటే అల్లిక. రెండు అక్షరాలకూ ఎడమ పక్కన పట్టుదారపు గుర్తు ఉంటుంది. పడుగు నిలువుగా సాగుతుంది; యిన్ మెరిడియన్‌ను దాని జంట యాంగ్ మెరిడియన్‌తో అడ్డంగా కలిపేవి లువో శాఖలు. మెరిడియన్ అనే మాట 20వ శతాబ్దంలో జార్జ్ సులియే ద మోరాఁ రాసిన ఫ్రెంచి గ్రంథాల ద్వారా వ్యాపించింది. భూగోళం మీది రేఖలను గుర్తుచేసే ఆ మాట వల్ల దారం, నీరు రెండూ మన చూపు నుంచి తప్పిపోయాయని నాకు బాధగా ఉంటుంది.

జవాబు – భీమవరం నుంచి

నేను ఫిజియోథెరపిస్టును. చరిత్ర గురించి నేను చెప్పవలసింది లేదు కానీ, మీ అమ్మగారి మోకాళ్ళ గురించి చెప్పాలి. శరీరాన్ని కోసి చూసినప్పుడు మెరిడియన్ అనదగిన నిర్మాణం ఏదీ కనిపించదు. జర్మనీలో మోకాలి కీళ్ళ అరుగుదల ఉన్న వెయ్యి మందికి పైగా రోగులపై చేసి 2006లో ప్రచురించిన పరీక్షలో, సరైన పాయింట్లలో సూదులు పెట్టించుకున్నవారిలో 53 శాతం మందికి, పాయింట్లు కాని చోట్ల పైపైన పెట్టించుకున్నవారిలో 51 శాతం మందికి, మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో 29 శాతం మందికి గుణం కనిపించింది. అంటే ఉపశమనం ఉన్నది, కానీ అది ఖచ్చితమైన పాయింటు వల్ల వచ్చిందని చెప్పడం కష్టం. కాబట్టి దిశ తప్పుతుందేమోనని భయపడకుండా నొక్కండి.

దానితోపాటు తొడ ముందు కండరాలకు బలం వచ్చే వ్యాయామం తప్పక చేయించండి. కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలు చాపించి, ఐదు లెక్కపెట్టేవరకు నిలిపించండి, పదిసార్లు చాలు. మీరు నొక్కే బయటి పాయింటుకు దగ్గరలోనే సన్న ఎముక మెడను చుట్టుకొని ఒక నరం పోతుంది. అక్కడ గట్టిగా, ఎక్కువసేపు ఒత్తితే పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది. కాలు ఎర్రబడి వేడిగా వాచినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా నొక్కవద్దు. వెంటనే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. తిమ్మిరి గురించి చదవగానే అమ్మను అడిగాను. బయటి పక్క నొక్కినప్పుడు బొటనవేలి దగ్గర జివ్వుమంటుందని, అది గుణమే అనుకొని చెప్పలేదని అన్నది. ఈరోజు అక్కడ అరచేతితో మెల్లగా రాసి ఊరుకున్నాను. నా పటంలో పన్నెండింటి చక్రాన్ని ఎర్ర సిరాతో, బావి నుంచి సముద్రం వరకు ఉన్న వరుసలను నీలి సిరాతో వేరువేరుగా గీసుకుంటున్నాను.