కార్తీకంలో అలిపిరి మెట్లు ఎక్కను ఏ వానకోటు కొనాల?

ప్రశ్న: అన్నలారా, మాది తిరుపతి. కార్తీకంలో అమ్మానాయనను మెట్లదారిన కొండకు పిలుచుకుపోతా ఉండా. వాన ఎప్పుడు పట్టుకుంటుందో చెప్పలేం. క్వెచువా, వైల్డ్‌క్రాఫ్ట్, కొలంబియా, నార్త్ ఫేస్ అన్నీ చూసినా. ఎక్కువ పెడితే అంత మేలు ఉంటుందా?

జవాబు: మన ఊరికైతే ఉండదు తమ్ముడూ. గోర్‌టెక్స్ లాంటి ఖరీదైన గుడ్డ వాననీళ్లను ఆపి, చెమట ఆవిరిని బయటికి వదులుతుంది. అయితే బయటి గాలి లోపలికంటే చల్లగా, పొడిగా ఉంటేనే ఆ ఆవిరి కదిలేది. హిమాలయాల్లో ఆ డబ్బుకు న్యాయం జరుగుతుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఆ ఉక్కలో ఎక్కేటప్పుడు ఏ కోటైనా లోపల తడుస్తుంది. ఇక్కడ కావాల్సింది గాలి ఆడే దోవ. చంకల కింద జిప్పులుండేది చూడు.

అంగట్లో కోటును తిరగేసి కుట్లు చూడు. వాటి మీద టేపు లేకుంటే సూది బెజ్జాల్లోంచి నీళ్లు దిగుతాయి, పేరు ఎంత పెద్దదైనా సరే. చీటీలో 2,000 మి.మీ. అని ఉంటే రెండు మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడిని గుడ్డ ఆపుతుందని అర్థం. మామూలు వానకు అది చాలు. బ్యాగు పట్టీలు భుజం మీద ఒత్తుతాయి కాబట్టి 5,000 ఉంటే నిశ్చింత. ‘వాటర్ రెసిస్టెంట్’ అని మాత్రమే రాసుంటే తుంపరకే. క్వెచువా డెకత్లాన్ అనే ఆటసామాన్ల అంగళ్లోళ్ల సొంత సరుకు, అందుకే ఈ లెక్కలన్నీ ఉన్నా ధర అందుబాటులో ఉంటుంది. నేనైతే దానికే ఓటేస్తా.

ఇంకొకరు: పెద్దోళ్లకు పోంచో (తల మీంచి వేసుకునే వదులు వానకోటు) మేలు. గాలి ఆడుతుంది, బ్యాగునూ కప్పుతుంది. మోకాళ్లు దాటనీయొద్దు, తడి మెట్ల మీద అంచు కాలికి తగులుకుంటే ప్రమాదం. లోపల నూలు చొక్కా వద్దు, తొందరగా ఆరే పాలిస్టర్ టీషర్ట్ వేయించు.

ప్రశ్న: ఉతకడం ఎట్లా అన్నా?

జవాబు: కొంచెం లిక్విడ్ సోపుతో ఉతికి, నురగ పోయేదాకా జాడించు. కంఫర్ట్ లాంటివి పోయొద్దు, నీళ్లు జారే పూత పనిచేయదు. తడిగా మడిచి బీరువాలో పెడితే లోపలి పొర పొట్టులా రాలిపోతుంది. నీడన బాగా ఆరినాకే మడువు.