లైట్‌గా రోల్ చేద్దామని (అంటే ప్రాక్టీస్ కుస్తీ పడదామని) మీదపడే పార్ట్‌నర్‌తో మీరెలా వేగుతున్నారు? (బెంగళూరు జియు-జిట్సు వాళ్లకి)

సిల్క్‌బోర్డ్_బాధితుడు
ఎనిమిది నెలల తెల్ల బెల్ట్‌ని, అంటే ఇంకా కొత్తవాణ్ణే. బరువు 68 కేజీలు. మా సాయంత్రం బ్యాచ్‌లో ఒకతను ఉన్నాడు. నాకంటే మూడు నెలల ముందు చేరాడు, 85 కేజీల పైనే ఉంటాడు. కోచ్ "లైట్‌గా రోల్ చేయండి" అంటాడు. ఇద్దరం అరచేతులు కలిపి, పిడికిళ్లు తాకిస్తాం. తాకించిన చెయ్యి నేను వెనక్కి తీసుకునేలోపే కాలర్ దొరకబుచ్చుకుని మెడతో సహా కిందికి ఈడ్చేస్తాడు. మొన్న గురువారం ఆర్మ్‌బార్‌లో (మోచెయ్యిని వెనక్కి విరిచే పట్టు) పడ్డాను. ట్యాప్ చేద్దామని, అంటే ఓడానని చేత్తో తడదామని, ఎడమ చెయ్యి లేపేసరికే కుడి మోచెయ్యి టక్‌మంది. "సారీ బ్రో, ముందే ట్యాప్ చేయాల్సింది" అన్నాడు. ఇప్పుడు సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో బండి ముందు బ్రేక్ నొక్కినప్పుడల్లా అతనే గుర్తొస్తున్నాడు. అక్కడ ఎన్నిసార్లు నొక్కాలో మీకు తెలుసుగా.

అతనితో రోల్ వద్దంటే పిరికివాడనుకుంటారేమోనని టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

కడప_పర్పుల్
వాపు ఉంటే ముందు ఆర్థో డాక్టర్‌కి చూపించుకోండి, మ్యాట్ ఎక్కడికీ పోదు.

"ముందే ట్యాప్ చేయాల్సింది" అన్న మాటలో సగం నిజముంది, అందుకే దానికి జవాబు దొరకదు. తెల్ల బెల్టులు ఆలస్యంగా ట్యాప్ చేస్తారు, ఒప్పుకుంటాను. కానీ పట్టు దొరికాక చివరి రెండంగుళాలు మెల్లగా తీసుకెళ్లాల్సింది పట్టినవాడే. ఆర్మ్‌బార్‌లో మోకాళ్లు దగ్గరగా నొక్కి, మణికట్టుని ఛాతీకి అదిమిపెట్టుకుంటే అవతలివాడు ఎక్కడికి పోతాడు? నడుము కొంచెం కొంచెంగా లేపినా ట్యాప్ వస్తుంది. విసురుగా లేపుతున్నాడంటే చెయ్యి జారిపోతుందేమోనని భయం. అది బలం కాదండీ, పట్టు సరిగా కుదరలేదని తనకే తెలియడం.

రాత్రిషిఫ్ట్_గార్డ్
ట్యాప్ చేయడం నామోషీ అనుకునేవాళ్ల కోసం: 1951లో రియోలోని మారకానా స్టేడియంలో, బ్రెజిల్ జియు-జిట్సు మూలపురుషుల్లో ఒకడైన హీలియో గ్రేసీని జపాన్ జూడో యోధుడు మసాహికో కిమురా చెయ్యి మెలిపెట్టి పట్టేశాడు. హీలియో ట్యాప్ చేయలేదు. చెయ్యి విరిగింది. చివరికి అన్న కార్లోస్ తువ్వాలు విసిరి ఆపించాడు. ఆ పట్టుని ఈ రోజుకీ కిమురా అనే అంటున్నాం. హీలియోకి చరిత్రలో చోటు దొరికింది, సరే. మనకి మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి ఆఫీసు స్టాండప్ కాల్ ఉంటుంది.

హెచ్ఎస్ఆర్_అమ్మాయి
నాది 52 కేజీలు, రెండేళ్లుగా చేస్తున్నాను. నాకు తగిలేవాళ్లు రెండు రకాలు. ఒకరు నన్ను ఆటలో అరటిపండులా చూస్తారు, చెయ్యి కూడా గట్టిగా పట్టుకోరు. రెండో రకం కూడా అలాగే మొదలుపెడతారు గానీ, నేను ఒక్క స్వీప్ చేశానంటే (కింద నుంచి తిప్పేసి పైకొచ్చానంటే) చాలు, ముఖం మారిపోతుంది. అక్కణ్ణుంచి జియు-జిట్సు ఉండదు, నన్ను బెంచ్‌ప్రెస్ చేయడమే. ఒకసారి ఆ తోపులాటలో పక్క జంట మోకాలి మీద పడ్డాను. తప్పు నాదేనన్నట్టు చూశారు.

ఇప్పుడు చేతులు కలిపే ముందే చెప్పేస్తున్నాను: "ఇవాళ సగం బలంతోనే. నేను హాఫ్ గార్డ్‌లో కింద నుంచి మొదలుపెడతా." అంటే కింద ఉండి, అవతలివాళ్ల ఒక కాలిని నా కాళ్ల మధ్య బిగించి. నిలబడి మొదలుపెట్టకపోవడం వల్లే సగం గొడవ పోతుంది. మీదకి దూకే సందే ఉండదు. "మోకాలు నొప్పి" లాంటి సాకులు మాత్రం చెప్పకండి అన్నా, వచ్చే వారం "తగ్గిందా?" అని అడుగుతారు.

మాజీ_పందెంకోడి
ఆ 85 కేజీలవాణ్ణి నేనే అనుకోండి. అంటే మీ జిమ్ కాదు, మాది వైట్‌ఫీల్డ్ వైపు. భీమవరంలో కాలేజీ రోజుల్లో కబడ్డీ ఆడాను. అక్కడ రైడర్ కాలు దొరికితే విజిల్ పడేదాకా వదలకూడదు. ఇక్కడ విజిల్ లేదు, అవతలివాడి అరచెయ్యే విజిల్. అది బుర్రకెక్కడానికి నాకు ఏడాది పట్టింది.

ఎలా ఎక్కిందో చెప్తాను. టైమర్ బీప్ అనగానే అందరూ జంటలు కట్టేసేవాళ్లు. నేనూ, మూలనున్న ఇరవై లీటర్ల నీళ్ల క్యానూ మిగిలేవాళ్లం. మొదట్లో బేసి సంఖ్య వచ్చిందేమో అనుకున్నాను. ఒకరోజు తలలు లెక్కపెట్టాను, నాతో కలిపి పద్నాలుగు మంది. ఇంకొకతను షూ లేసు కట్టుకుంటున్నాడు. మ్యాట్ మీద షూ లేసు ఏమిటండీ? నన్ను తప్పించుకోవడానికి బయటికెళ్లి బూట్లు తొడుక్కున్నాడు.

ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. నాకు ఈ రోజుకీ మిగిలిన బాధ అదొక్కటే. దయచేసి అతనికి చెప్పండి.

ఒంగోలు_గిత్త
చెప్పాల్సింది కోచ్ కదా? నెలనెలా ఫీజు కట్టేది మనమే, దెబ్బలు తినేది మనమే, కౌన్సెలింగ్ ఇవ్వాల్సిందీ మనమేనా?

ఇంకో మాట. గట్టిగా ఆడేవాళ్లందరినీ ఒకే గాట కట్టకండి. పోటీకి వెళ్లేవాడికి గట్టి రౌండ్లు కావాలి. పెద్దల తెల్ల బెల్ట్ మ్యాచ్ 5 నిమిషాలే, కానీ పూర్తి వేగంతో ఆడితే మూడో నిమిషానికే చేతివేళ్లు బట్టని పట్టుకోలేవు. అది ప్రాక్టీస్‌లోనే అలవాటవ్వాలి. నేను టోర్నీకి నెల ముందు ఇద్దరు ముగ్గుర్ని అడిగి, వాళ్లతోనే గట్టిగా ఆడతాను. అడగడంలోనే ఉంది తేడా అంతా.

కడప_పర్పుల్
@ఒంగోలు_గిత్త ఒప్పుకుంటాను, ఒక్క మినహాయింపుతో. మడమ తిప్పే హీల్ హుక్ అడిగినా కుదరదు. నొప్పి తెలిసేలోపే మోకాలి లిగమెంట్ తెగొచ్చు. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ జియు-జిట్సు సమాఖ్య) పోటీల్లో గి (ఈ ఆటలో వేసుకునే మందపాటి డ్రెస్) వేసుకుంటే ఏ బెల్ట్‌కీ దానికి అనుమతి లేదు, గి లేకుండా ఆడే నో-గిలో పెద్దల బ్రౌన్, బ్లాక్ బెల్టులకే. యూట్యూబ్‌లో చూసి తెల్ల బెల్టుల మీద ప్రయోగించేవాళ్లని నేను మాత్రం కోచ్ దాకా తీసుకెళ్తాను.

నలభైనాలుగు_తెల్లబెల్ట్
"ఈ రౌండ్ కూర్చుంటా తమ్ముడూ." ఇంతే అంటాను. సంజాయిషీ ఇవ్వను.

గట్టిగా ఆడేవాడి కంటే గోళ్లు తీసుకోనివాడూ, తామరని రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే టీషర్ట్) కింద దాచుకుని వచ్చేవాడూ నాకు పెద్ద శత్రువులు. పోయినేడు ఒకాయన పుణ్యాన ఇంట్లో దుప్పట్లన్నీ వేడినీళ్లలో ఉడకబెట్టాం. మా ఆవిడ ఇంకా ఆ బెల్ట్‌ని ఇంట్లోకి రానివ్వడం లేదు.

రాత్రిషిఫ్ట్_గార్డ్
చేతులు రెండూ ఇరుక్కుంటే నోటితో "ట్యాప్" అనండి, లేదా కాలితో మ్యాట్ మీద కొట్టండి. కొత్తలో నేను "అయ్యయ్యో అయ్యయ్యో" అన్నాను. పార్ట్‌నర్ ఢిల్లీ కుర్రాడు, నేను హుషారు చేస్తున్నాననుకున్నాడు. పోటీలో అయితే నొప్పితో అరిచినా ఓడినట్టే లెక్క, జిమ్‌లో ఆ రూల్ అందరికీ తెలియదు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
అప్‌డేట్. క్లాస్ అయ్యాక పక్కనున్న దర్శిని హోటల్లో కాఫీ దగ్గర చెప్పేశాను. టక్‌మన్నది తన గి కుట్టు తెగిందనుకున్నాడట. నిజంగా చంక దగ్గర కుట్టు తెగి ఉంది కూడా, చూపించాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, పట్టు దొరికాక మనసులో మూడు లెక్కపెట్టి బిగిస్తానన్నాడు. మంగళవారం ఒక రౌండ్ ఆడాం, నేను ఎడమ చెయ్యి మాత్రమే వాడతానన్నాను. మొదటి రెండు నిమిషాలు లెక్కపెట్టాడు. తర్వాత మర్చిపోయి మెడ పట్టాడు, తనే వదిలేసి "సారీ సారీ" అన్నాడు.

శనివారం ఓపెన్ మ్యాట్ (క్లాస్ లేకుండా ఎవరితో కావాలంటే వాళ్లతో ఆడుకోవడం) ఉంది. మోచేతికి టేప్ చుట్టుకుని వెళ్లొచ్చా?

నలభైనాలుగు_తెల్లబెల్ట్
ఇంకా నొప్పి ఉంటే టేప్ దేనికి తమ్ముడూ? డాక్టర్ దగ్గరికి వెళ్లావా లేదా, ముందు అది చెప్పు.