ట్రాక్టర్ వేడెక్కితే సెల్ఫ్ పట్టడం లేదు: సోలనాయిడ్ మళ్లీ మార్చాలా?

ప్రశ్న: నర్సంపేట రైతు

అందరికీ నమస్కారం. మాది నర్సంపేట దగ్గరి పల్లె. యాసంగి కోతలు నడుస్తున్నాయి. మా ట్రాక్టర్ పొద్దున తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికి రెండు ట్రిప్పులు వడ్లు చేరవేసి, మధ్యాహ్నం ఎండలో ఇంజన్ ఆపి మళ్లీ తాళం తిప్పితే మాత్రం సెల్ఫ్ దగ్గర ‘టక్’మని ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోతుంది. ఒక్కోసారి ఆ చప్పుడు కూడా రాదు. అరగంట చల్లారితే ఏమీ జరగనట్టే పట్టుకుంటుంది.

నెల కిందట ఒక షాపులో సోలనాయిడ్ (తాళం తిప్పగానే సెల్ఫ్ మోటార్‌కు కరెంటు కలిపే విద్యుదయస్కాంత స్విచ్) పోయిందని కొత్తది వేశారు. వారం బాగుండి మళ్లీ మొదటికే వచ్చింది. ఇప్పుడు ఇది కూడా పోయిందని, మళ్లీ మార్చాలని అంటున్నారు. నా దగ్గర మల్టీమీటర్ ఉంది. బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది. సోలనాయిడ్ చిన్న టెర్మినల్‌కు (తాళం తీగ వచ్చేది), బాడీకి మధ్య మీటర్ బజర్ పెడితే మోగుతోంది. అంటే లోపలి కాయిల్ (తీగ చుట్ట) బాగున్నట్టే కదా? పెద్ద బోల్టులు రెండింటినీ స్క్రూడ్రైవర్‌తో కలిపితే స్టార్ట్ అవుతుందని ఒకరు చెప్పారు కానీ, నాకు భయమేసి ఆ పని చేయలేదు. మళ్లీ డబ్బులు పెట్టే ముందు నిజంగా ఏది పాడైందో తెలుసుకోవాలని ఉంది.

జవాబు: హన్మకొండ ఆటో ఎలక్ట్రీషియన్

తమ్ముడూ, స్క్రూడ్రైవర్ పెట్టకపోవడమే మంచిదైంది. పెద్ద బోల్టులు రెండూ కలిపితే మోటార్ ఒట్టిగా తిరుగుతుంది తప్ప సోలనాయిడ్ లోపలి ప్లంజర్ (జారే ఇనుప కడ్డీ) కదలదు కాబట్టి, మోటార్ చివరి పినియన్ (చిన్న పళ్ల చక్రం) ఇంజన్ ఫ్లైవీల్ పళ్లలోకి పోదు. బ్యాటరీ బోల్టును (బ్యాటరీ తీగ వచ్చే పెద్ద బోల్టు) చిన్న టెర్మినల్‌కు కలిపితే ఇంజన్ అందుకుంటుంది, నిజమే. కానీ అప్పుడు క్లచ్ దగ్గరి సేఫ్టీ స్విచ్‌ను దాటేసినట్టవుతుంది. బండి గేరులో ఉంటే చక్రం పక్కన వంగి ఉన్న మనిషి మీదికే వస్తుంది. ఇలా ప్రాణాలు పోయాయి. దయచేసి ఎవరూ చేయకండి.

ఇక విషయానికి వస్తాను. మీరు చూసిన 12.6 వోల్టులు బ్యాటరీ మీద ఏ లోడూ లేనప్పటివి. సోలనాయిడ్ తాళం తిప్పిన ఆ క్షణంలో పని చేయాలి కాబట్టి కొలత కూడా ఆ క్షణంలోనే తీసుకోవాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ స్టాప్ లాగి ఉంచండి. ఒకరిని సీటు మీద కూర్చోబెట్టి తాళం తిప్పించండి. ఒక్కోసారి ఐదు సెకన్లకు మించవద్దు.

మొదట మీటర్ ప్రోబులను బ్యాటరీ పోస్టుల మీదనే పెట్టండి, లగ్గుల (పోస్టులకు బిగించే తీగ కొసల) మీద కాదు. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోతే బ్యాటరీనే అనుమానించాలి. తర్వాత ఎర్ర ప్రోబును సోలనాయిడ్ చిన్న టెర్మినల్ మీద, నల్లదాన్ని సోలనాయిడ్ బాడీ మీద పెట్టి తాళం తిప్పించండి. బ్యాటరీ దగ్గర 11 ఉండి ఇక్కడ 7 వస్తే సోలనాయిడ్‌ది తప్పు కాదు, దానికి తిండి అందడం లేదు. ఇక్కడికి వోల్టేజీ సరిగ్గా వచ్చి, ‘టక్’మని కొట్టి, మోటార్ తిరగకపోతే అప్పుడు రెండు పెద్ద బోల్టుల మధ్య కొలవండి. అర వోల్టు దాటితే లోపలి రాగి కాంటాక్టులు కాలి నల్లబడ్డాయని అర్థం. చివరగా బ్యాటరీ నెగెటివ్ పోస్టుకు, సెల్ఫ్ బాడీకి మధ్య చూడండి. 0.2 దాటితే ఎర్త్ పట్టీ (బ్యాటరీ నెగెటివ్‌ను బాడీకి కలిపేది) విప్పి, తుప్పు గీకి బిగించాలి.

నా దగ్గరికి ‘సోలనాయిడ్ పోయింది’ అని తెచ్చేవాటిలో చాలా వరకు సోలనాయిడ్ బాగానే ఉంటుంది.

జవాబు: సుల్తానాబాద్ రైస్ మిల్లు మెయింటెనెన్స్

పై అన్న చెప్పిన పద్ధతే సరైనది. బజర్ గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది మోసపోయేది అక్కడే.

సెల్ఫ్ సోలనాయిడ్‌లో కాయిళ్లు రెండు. లాగే కాయిల్ చిన్న టెర్మినల్ నుంచి మోటార్ బోల్టుకు (రెండో పెద్ద బోల్టు) పోతుంది, పట్టి ఉంచే కాయిల్ చిన్న టెర్మినల్ నుంచి బాడీకి పోతుంది. మోటార్ తీగ బిగించి ఉండగా మీరు బజర్ పెడితే, పట్టి ఉంచే కాయిల్ తెగిపోయి ఉన్నా సరే, లాగే కాయిల్ గుండా, మోటార్ బ్రష్‌ల గుండా దారి దొరికి బజర్ మోగుతుంది. అందుకని ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేసి, మోటార్ బోల్టు మీది తీగ విప్పి, అప్పుడు కాయిళ్ల నిరోధాన్ని ఓమ్స్‌లో విడివిడిగా కొలవాలి. సాధారణంగా లాగే కాయిల్ అర ఓమ్ లోపల, పట్టి ఉంచేది ఒక ఓమ్‌కు అటూ ఇటూగా ఉంటుంది. మీటర్ తీగలకే 0.2, 0.3 ఓమ్ ఉంటుంది కాబట్టి ప్రోబులు రెండూ ఆనించి చూసి, ఆ అంకెను తీసివేయండి.

పట్టి ఉంచే కాయిల్ తెగితే గుర్తు వేరు. ప్లంజర్ లోపలికి పోయి కాంటాక్టులు కలవగానే లాగే కాయిల్‌కు రెండు వైపులా ఒకే వోల్టేజీ వచ్చి దాని బలం సున్నా అవుతుంది. పట్టుకునేది లేదు కాబట్టి స్ప్రింగ్ వెనక్కి తోస్తుంది, మళ్లీ లాగుతుంది, మళ్లీ తోస్తుంది. ‘టకటకటక’మని ఆగకుండా కొడుతుంది. బ్యాటరీ బలహీనంగా ఉన్నా ఇదే చప్పుడు. మీది ఒక్క ‘టక్’ కనుక ఇది కాకపోవచ్చు.

వేడికి సంబంధం ఏమిటంటే, రాగి వేడెక్కితే దాని నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. పొద్దున 25 డిగ్రీల దగ్గర ఉన్న కాయిల్ మధ్యాహ్నం ఇంజన్ పక్కన 85కు చేరితే నిరోధం దాదాపు నాలుగో వంతు పెరిగి, కరెంటు, దాంతో పాటు లాగే బలం ఆ మేరకు తగ్గుతాయి. వోల్టేజీ సరిగ్గా అందుతున్న సోలనాయిడ్ దీన్ని తట్టుకుంటుంది, సగం వోల్టేజీతో నెట్టుకొస్తున్నది తట్టుకోలేదు. రెండు కాయిళ్లు కలిసి మొదటి క్షణంలో 40 ఆంపియర్ల దాకా తీసుకుంటాయి. దారిలో 0.1 ఓమ్ చెడు కనెక్షన్ ఉన్నా మూడు వోల్టులు అక్కడే పోతాయి, కానీ ఆ 0.1 ఓమ్ మామూలు మీటర్‌తో సరిగ్గా తెలియదు. కాబట్టి కాయిల్ ఓమ్స్ సరిగ్గా ఉన్నాయని నిశ్చింతగా ఉండకండి.

ఒక జాగ్రత్త కూడా చెప్తాను. ఈ లెక్కలు డీసీకే, అంటే బ్యాటరీ కరెంటుకే. మా మిల్లులో 230 వోల్టుల ఏసీ వాల్వ్ కాయిళ్లు ప్లంజర్ ఇరుక్కుంటేనే కాలిపోతాయి, ఎందుకంటే ప్లంజర్ పూర్తిగా లోపలికి పోనంతసేపు ఏసీ కాయిల్ ఎక్కువ కరెంటు లాగుతూనే ఉంటుంది. అక్కడ కాయిల్ మార్చే ముందు ప్లంజర్‌ను చూడాలి.

నర్సంపేట రైతు

అన్నలిద్దరికీ ధన్యవాదాలు. ఈరోజు రెండో ట్రిప్పు అయ్యాక, సరిగ్గా పట్టనప్పుడే కొలిచాను. తాళం తిప్పినప్పుడు బ్యాటరీ పోస్టుల దగ్గర 11.3, సోలనాయిడ్ చిన్న టెర్మినల్ దగ్గర 6.9. ఎర్త్ వైపు 0.1 మాత్రమే. వెనక్కి వెతుక్కుంటూ పోతే తాళం స్విచ్ లోపలి, బయటి తీగల మధ్యనే 2.9 వోల్టులు, క్లచ్ స్విచ్ దగ్గర 1.2 పోతున్నాయి. క్లచ్ స్విచ్ కనెక్టర్ ఊడదీస్తే ఒక పిన్ను పచ్చగా తుప్పు పట్టి, చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి ఉంది. నెల కిందట తీసేసిన పాత సోలనాయిడ్ ఇంట్లోనే ఉంటే దాన్ని కూడా విడిగా కొలిచాను. కాయిళ్లు రెండూ బాగున్నాయి.

హన్మకొండ ఆటో ఎలక్ట్రీషియన్

దొరికింది తమ్ముడూ. కనెక్టర్ మార్చండి. తాళం స్విచ్ మీద అంత కరెంటు మళ్లీ పడకుండా సెల్ఫ్ దగ్గర 70 ఆంపియర్ల స్టార్టర్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ఒకటి పెట్టించండి. తాళం నుంచి, క్లచ్ స్విచ్ గుండా వచ్చే పాత తీగను రిలే కాయిల్‌కు కలపాలి. అప్పుడు సేఫ్టీ స్విచ్ అలాగే పని చేస్తుంది, దాని గుండా పావు ఆంపియర్ లోపే పోతుంది. బ్యాటరీ బోల్టు నుంచి ఫ్యూజు పెట్టిన లావు తీగ రిలేకు, అక్కడి నుంచి సోలనాయిడ్ చిన్న టెర్మినల్‌కు. అయ్యాక వేడి మీద ఇంకోసారి కొలవండి. చిన్న టెర్మినల్ దగ్గరి అంకెకు, బ్యాటరీ అంకెకు మధ్య తేడా అర వోల్టు లోపల ఉండాలి. పాత సోలనాయిడ్‌ను పారేయకండి.

నర్సంపేట రైతు

రిలే వేయించాను. మధ్యాహ్నం రెండింటికి, మూడో ట్రిప్పు తర్వాత, బ్యాటరీ దగ్గర 10.9, చిన్న టెర్మినల్ దగ్గర 10.6. ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. పాతది గుడ్డలో చుట్టి టూల్ పెట్టెలో పెట్టాను.