పగడాల మీద నిలకడగా తేలాలంటే ఎన్ని కిలోల సీసం కట్టుకోవాలి?

మారతహళ్లి_డైవర్:
అందరికీ నమస్కారం. స్కూబా డైవింగ్‌లో ఓపెన్ వాటర్ (మొదటి స్థాయి) సర్టిఫికెట్ ఉంది. పూల్ క్లాసులు బెంగళూరులో, సముద్రం డైవ్‌లు పుదుచ్చేరిలో అయ్యాయి. జనవరిలో అండమాన్‌లోని హేవ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) వెళ్తున్నాను. నా బరువు 72 కిలోలు. 3 మి.మీ. ఫుల్ వెట్‌సూట్, మామూలు అల్యూమినియం సిలిండర్. పూల్లో అదే సూట్‌తో, మునగడానికి ఒంటికి కట్టే సీసం 3 కిలోలు సరిపోయింది, సముద్రంలో 8 కట్టారు. దిగడం సులువే గానీ ఒక లోతులో నిలవలేకపోతున్నాను. దిగితే అడుగుదాకా, లేస్తే పైదాకా. కాళ్లు కిందికి వేలాడుతున్నాయి. ఇసుక మీదైతే సరే, పగడాల మీద పడితే ఎలా? గాలి కూడా 18 మీటర్ల దగ్గర అరగంటకే అయిపోతోంది. ఏం మార్చుకోవాలి?

నీలిలోతు:
8 బాగా ఎక్కువండీ. ఉప్పునీరు మంచినీటికన్నా దాదాపు 2.5 శాతం బరువు, అందుకే మనల్ని అంత ఎక్కువ తేలుస్తుంది. మీరూ మీ గేరూ కలిపి 100 కిలోలనుకుంటే సముద్రంలో అదనంగా కావలసింది రెండున్నర కిలోలే. అంటే ఐదున్నర, మహా అయితే 6.

మిగతా 2 కిలోలను మోయడానికి బీసీడీలో (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) 2 లీటర్ల గాలి ఎక్కువ నింపుతున్నారు. చిక్కంతా ఆ గాలితోనే. 10 మీటర్ల దగ్గర పీడనం 2 బార్, 5 మీటర్లకొస్తే ఒకటిన్నర. ఆ 2 లీటర్లు కాస్తా అక్కడికి 2.7 అవుతాయి. కొంచెం లేచారంటే అదే మిమ్మల్ని ఇంకా పైకి లాగుతుంది. కొంచెం దిగితే కుంచించుకుపోయి కిందికి తోస్తుంది.

మొదటి డైవ్ చివర, సిలిండర్లో 50 బార్ గాలి మిగిలి ఉండగా, నీటి పైభాగంలో చూసుకోండి. రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చుకునే పరికరం) నోట్లోనే ఉండాలి. బీసీడీ పూర్తిగా ఖాళీ చేసి, నిటారుగా ఉండి, మామూలు ఊపిరి తీసుకుని ఆగితే నీళ్లు కళ్ల మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. చీలమండలు ఒకదాని మీద ఒకటి వేసుకోండి, లేకపోతే తెలియకుండానే కాళ్లు ఆడిస్తారు, లెక్క తప్పుతుంది. బండలా మునిగితే ఒక కిలో తీసి మళ్లీ చూడండి. నిండు సిలిండర్‌తో చూస్తే వచ్చిన లెక్కకు 2 కిలోలు కలపాలి, ఎందుకంటే 200 బార్ నుంచి 50కి వచ్చేసరికి వాడేసిన గాలి బరువే సుమారు 2 కిలోలు. ఇది మరిచి మరీ తక్కువ కడితే చివర్లో 5 మీటర్ల దగ్గర 3 నిమిషాల సేఫ్టీ స్టాప్‌లో (పైకి వచ్చేముందు ఆగే చోట) నిలవలేరు.

తిరువాన్మియూర్_ఫిన్స్:
సీసం లెక్క సరే, కాళ్ల సంగతి వేరు. బరువంతా నడుం దగ్గరుంటే కాళ్లు దిగిపోతాయి. రెండు కిలోలు సిలిండర్ పట్టీకి, భుజాల వైపు మార్చమని అడగండి. పడుకున్నట్టు అడ్డంగా ఉండాలి. నిలువుగా ఉండి ఫిన్స్ ఆడిస్తే ఇసుక లేచి పగడాల మీద పడుతుంది. పగడంలో ప్రాణమంతా పైపొరలోనే ఉంటుంది, ఇసుక కప్పేస్తే దానికి వెలుతురు అందదు. రీఫ్ (పగడాల దిబ్బ) దగ్గర కప్ప ఈదినట్టు కాళ్లు పక్కలకు తన్నడం నేర్చుకోండి. గేజ్ (గాలి ఎంతుందో చూపేది), ఆక్టోపస్ (అదనపు రెగ్యులేటర్) వేలాడకుండా ఛాతీ దగ్గర క్లిప్ చేయండి. మొదట్లో రీఫ్‌కి ఒకటిన్నర మీటరు పైనే ఉండండి.

ఇంకొకటి. ఊపిరి తీసుకున్నాక పైకి లేవడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. అంతలో ఆగలేక బీసీడీ బటన్ నొక్కుతారు, రెండూ కలిసి పైకి లేపేస్తాయి. కాస్త ఓపిక పట్టండి. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టొద్దు, బిగబట్టి మీటరో ఒకటిన్నరో లేచినా ఊపిరితిత్తులకు దెబ్బ తగలవచ్చు.

చేతి గ్లవ్స్ వద్దనే నా అభిప్రాయం. చేతికి రక్షణ ఉందంటే పట్టుకోవాలనిపిస్తుంది. బండల్లా పెరిగే పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూఇటూగా పెరుగుతాయి, ఒక్క తన్నుకు విరిగింది మళ్లీ పెరగడానికి ఎన్నేళ్లో ఆలోచించండి. పైగా మన దేశంలో రీఫ్ కట్టే పగడాలన్నీ 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. విరిగి పడిన ముక్కను కూడా తీసుకురాకూడదు.

నీలిలోతు:
గాలి మాట మరిచాను. కొత్తవాళ్లకు నీటి పైభాగంలో నిమిషానికి 20 లీటర్ల గాలి ఖర్చవడం మామూలే. 18 మీటర్ల దగ్గర పీడనం 2.8 బార్, అంటే 56 లీటర్లు. 11.1 లీటర్ల సిలిండర్లో మీరు వాడుకోగల 150 బార్ అంటే 1,665 లీటర్లు, సరిగ్గా అరగంటే. 10 మీటర్ల దగ్గరుంటే అదే గాలి 40 నిమిషాలు దాటుతుంది. వెలుతురూ రంగులూ అక్కడే ఎక్కువ. మొదటి రోజు నిమో రీఫ్ లాంటి లోతు తక్కువ చోటే అడగండి. లోతు ఎక్కువుండే డిక్సన్స్ పినాకిల్ ఇప్పుడే వద్దు.

మారతహళ్లి_డైవర్:
చాలా థాంక్సండీ. మూడు రోజులు డైవ్‌లు. చివరిది ఉదయం 11కి ముగిస్తే మర్నాడు మధ్యాహ్నం విమానం ఎక్కొచ్చా?

తిరువాన్మియూర్_ఫిన్స్:
ఎక్కొచ్చు. వరసగా డైవ్‌లు చేశాక, ఒంట్లో చేరిన నైట్రోజన్ పోవడానికి కనీసం 18 గంటలు ఆగాలి, మీకు 24 దాటుతున్నాయి. బెంగళూరు వాళ్లు మరిచిపోయేది పుదుచ్చేరి ప్రయాణం. 600 మీటర్లు దాటిన ఎత్తుకు వెళ్లడాన్ని కూడా విమానం లెక్కలోనే చూడాలి, మీ ఊరు 900 మీటర్ల ఎత్తున ఉంది. పొద్దున డైవ్ చేసి సాయంత్రం కారెక్కి కృష్ణగిరి దాటి హోసూరు ఎక్కేయడం సరికాదు, ఆ రాత్రికి పుదుచ్చేరిలోనే ఉండిపోండి.