కొత్త మెర్సెన్ సంఖ్య: ఫెర్మా పరీక్ష ఒక్కటే చాలదా?

బ్రాడీపేట మాస్టారు: మెర్సెన్ సంఖ్య (2 ఘాతంలోంచి 1 తీసేస్తే వచ్చేది) 2^136279841 − 1 ప్రధాన సంఖ్య అని 2024 అక్టోబరు 11నే, డబ్లిన్‌లో ఫెర్మా పరీక్షతోనే తేలిపోయిందని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. తేలలేదు. ఆ పరీక్షంటే 3 ఘాతం (n − 1)ని nతో భాగిస్తే 1 మిగులుతుందా అని చూడటం; ప్రధాన సంఖ్యైతే మిగలాలి, మిగిలినంత మాత్రాన ప్రధాన సంఖ్య అని కాదు. 91 చూడండి. 3 ఘాతం 90ని 91తో భాగిస్తే మిగిలేది 1. అయినా 91 = 7 × 13. రుజువు అక్టోబరు 12న శాన్ ఆంటోనియోలో, మెర్సెన్ సంఖ్యలను కచ్చితంగా తేల్చే లూకాస్–లెమర్ పరీక్షతో వచ్చింది.

బెంజిసర్కిల్ కోడర్: రాసింది నేనే. 91 రెండంకెల సంఖ్య మాస్టారూ! ఇది 4,10,24,320 అంకెలది. ఇంత పెద్దది 3తో పరీక్ష దాటి కూడా సంయుక్త సంఖ్య కావడం ఆచరణలో జరగదు.

గుణదల99: 3 ఎందుకు? 2 పెడితే గుణకారం తేలిక కదా.

బ్రాడీపేట మాస్టారు: 2 పనికిరాదు. ఘాతాంకం ప్రధాన సంఖ్యైతే ప్రతి మెర్సెన్ సంఖ్యా 2తో దాటేస్తుంది. 2^11 − 1 = 2047 = 23 × 89, అదీ దాటుతుంది. కోడర్ గారూ, "జరగదు" అంటే రుజువు కాదు.

బెంజిసర్కిల్ కోడర్: మళ్లీ 91 దగ్గరికే! గత వారమూ నేను రాసింది పూర్తిగా చదవకుండానే తప్పన్నారు.

బ్రాడీపేట మాస్టారు: చదివాను, తప్పే. లూకాస్–లెమర్ పరీక్షను 127 (2^7 − 1)తో చేతిలెక్క చేయండి. 4తో మొదలు, వర్గం చేసి 2 తీసేసి 127తో భాగించి శేషం తీసుకోవాలి: 14, 67, 42, 111, 0. మెట్లు ఘాతాంకం కంటే రెండు తక్కువ, ఇక్కడ ఘాతాంకం 7 కాబట్టి అయిదు, చివర సున్నా. ప్రధాన సంఖ్యే. అదే 2047కు తొమ్మిది మెట్ల తర్వాత 1736 మిగులుతుంది. ఇందులో "బహుశా" లేదు.

బెంజిసర్కిల్ కోడర్: కాగితం మీద లేదు. ఇక్కడ మెట్లు 13 కోట్ల పైచిలుకు! మే నెల బెజవాడ ఎండకు మెమొరీలో ఒక్క బిట్ తిరగబడితే? ఫెర్మా పరీక్షలో చేసేదంతా వర్గాలే. అందుకే లెక్కలో తప్పు పట్టే గెర్బిచ్ తనిఖీ కుదురుతుంది. కొన్ని వందల మెట్లకొకసారి విలువను పక్కన గుణించి పెట్టుకుంటాం, ఆ లబ్ధాన్ని మరో దారిలో లెక్కిస్తాం. రెండూ కలవకపోతే చివరి మంచి సేవ్‌కు వెనక్కి. మీ పరీక్షలో మెట్టు మెట్టుకీ ఆ "2 తీసేయడం" ఉందే, అది ఈ గుణకార సంబంధాన్ని చెడగొడుతుంది. దానికి జాకోబీ తనిఖీ అనే వేరే పద్ధతి ఉన్నా సగం తప్పులే పట్టుకుంటుంది. నేను అడుగుతున్నది సిద్ధాంతం గురించి కాదు, లెక్క సరిగ్గా జరిగిందా అని.

బ్రాడీపేట మాస్టారు: ఈ మాట మొదటే అనొచ్చుగా. మీ భయం సంయుక్త సంఖ్య అని తేలినవాటికి సరిపోతుంది. బిట్ తిరగబడితే రావాల్సిన సున్నా పోతుంది, రాకూడని సున్నా రావడం మాత్రం దాదాపు అసాధ్యం.

బెంజిసర్కిల్ కోడర్: ప్రోగ్రాంలోనే లోపముంటే వస్తుంది.

అరండల్‌పేట: అందుకే వేరే ప్రోగ్రాంలతో, వేరే యంత్రాలపై మళ్లీ నడిపాకే అక్టోబరు 21న ప్రకటించారు. వెతకడానికి ఫెర్మా, దొరికాక లూకాస్–లెమర్.

బెంజిసర్కిల్ కోడర్: వరస ఒప్పుకుంటాను. "11న ఏమీ తేలలేదు" అంటే మాత్రం ఒప్పుకోను.