తమ్ముడి పోకెమాన్ ప్రాజెక్టు: లెక్క ఒకటి, కాలిక్యులేటరు ఒకటి, ప్రయోగం ఒకటి!

పర్లాకిమిడి:
పొద్దున్నుంచి దీంతోనే కూర్చున్నాం, బుర్ర పనిచెయ్యట్లేదు. తమ్ముడి పదో తరగతి లెక్కల ప్రాజెక్టు, పోకెమాన్ కార్డుల ఆట మీద. మొదట తీసే 7 కార్డుల్లో కనీసం ఒక పికాచు కార్డు వచ్చే సంభావ్యత కావాలి. మా లెక్కలో 46.67 శాతం. నెట్‌లో కాలిక్యులేటరు 39.95 అంటోంది. 100 సార్లు తీస్తే 49 సార్లు వచ్చింది. మాదే రైటు కదా? ఏటి రాయమంటారు? ఎల్లుండి ఇవ్వాలి.

సిరోంచ:
మొత్తం కార్డులెన్ని? పికాచులెన్ని? అది చెప్పకుంట ఎట్ల?

పర్లాకిమిడి:
60 కార్డులే కదండీ ఎవరికైనా. పికాచులు 4. 7×4/60 వేశాం.

సిరోంచ:
గది సంభావ్యత కాదు, సగటు. 4 పికాచుల జాగల 20 ఎనర్జీ కార్డులు పెట్టి చూడు. 7×20/60 అంటే 2.33. సంభావ్యత 233 శాతం ఉంటదా?

రాయగడ:
ముందు కార్డులు ఎలా కలుపుతున్నారో చూడండమ్మా. 52 ముక్కల పేకకి, రెండు సగాలు చేసి అంచులు ఒకదాంట్లోకి ఒకటి దూర్చే పద్ధతిలో 7 సార్లు కలపాలని బేయర్, డయాకొనిస్ 1992లో లెక్కకట్టారు. గుప్పెడు గుప్పెడు జారవిడిస్తే చాలదు. ఆటయ్యాక ఒకచోట పేర్చిన పికాచులు గుంపుగానే ఉండిపోతాయి.

బరంపురం:
మాస్టారూ, గుంపుగా ఉంటే కనీసం ఒకటి వచ్చే అవకాశం తగ్గుతుంది. 49 రావడానికి అది కారణం కాదు.
అమ్మా, ఒక్క పికాచూ రాకపోవడం ముందు లెక్కకట్టండి: 56/60 × 55/59 × 54/58 × 53/57 × 52/56 × 51/55 × 50/54 = 0.6005. ఒకటిలోంచి తీసేస్తే 0.3995. కాలిక్యులేటరు చెప్పింది ఇదే. తీసిన కార్డు వెనక్కి పెట్టం కాబట్టి పైనా కిందా ఒక్కొక్కటి తగ్గాలి. ఏడుసార్లూ 56/60 వేస్తే 38.3 వస్తుంది, అదీ తప్పే.
బేసిక్ పోకెమాన్, అంటే ఆట మొదలెట్టడానికి చేతిలో ఒక్కటైనా ఉండాల్సిన రకం కార్డు, ఒక్కటీ రానప్పుడు ఏం చేశారు?

పర్లాకిమిడి:
రూలు ప్రకారం మళ్ళీ కలిపి 7 తీశాం. వాటిని లెక్కలో వెయ్యలేదు. బేసిక్‌లు పికాచులతో కలిపి 12.

బరంపురం:
దొరికింది. బేసిక్ అసలు రాకపోవడం 48/60 నుంచి 42/54 దాకా ఏడు భిన్నాల లబ్ధం, 19.06 శాతం. వాటిలో పికాచు ఉండదు, మీరు వాటినే వదిలేశారు. మిగిలిన 80.94లో 39.95 అంటే 49.4 శాతం. అయినా 100 సార్లకి 10 అటూ ఇటూ మామూలే, 46కీ 49కీ తేడా తేలదు. మూడు గడులు గీయండి: పికాచు ఉంది, పికాచు లేదు కానీ బేసిక్ ఉంది, బేసిక్కే లేదు. మూడో గడి కలిపితే 39.95తో, తీసేస్తే 49.4తో పోల్చాలి. రెండూ రాస్తే ప్రాజెక్టుకి బలం.

సిరోంచ:
60 కార్డులకు డెక్ అని రాయిండ్రి.

రాయగడ:
పేక అన్నా కట్ట అన్నా తప్పేం లేదు. సంభావ్యత మాత్రం ఒడియాలోనూ అదే మాట, మార్చకండి.

సిరోంచ:
మరాఠీల కూడా అదే. నేను డెక్ గురించి చెప్తున్న. పేక అంటే 52 అనుకుంటరు.

పర్లాకిమిడి:
తమ్ముడు గడులు గీసి మళ్ళీ కార్డులు తీస్తున్నాడు. థాంక్సండీ.

రాయగడ:
ఎలా కలుపుతున్నాడో చెప్పలేదమ్మా.